వాతావరణ చర్చలో తిట్లెందుకు?

సంపాదకులు గారికి,

వాతావరణ మార్పు మీద చర్చ మొదలైతే చాలు, రెండో మాటకే ఒకరు 'అభివృద్ధి నిరోధకుడు', ఇంకొకరు 'చమురు కంపెనీల మనిషి' అయిపోతున్నారు, చూస్తుంటే నిజంగా బాధగా ఉంది. కొలతల దగ్గర పేచీ అక్కర్లేదు. హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 315 దాకా ఉండేది, ఇప్పుడు 420 దాటింది, దానికి ముఖ్య కారణం మనం కాల్చే బొగ్గు, చమురు, గ్యాసే. కాదనేవాళ్లకు లెక్క చూపించి గట్టిగానే జవాబు చెప్పాలి, కానీ మనిషిని తిట్టకుండా.

అసలు తేడా వచ్చేది ఏం చేయాలన్న దగ్గర. జర్మనీ 2023 ఏప్రిల్‌లో తన చివరి అణు రియాక్టర్లు మూసేసింది, పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లో కరెంటు ఎక్కువగా వచ్చేది అణుశక్తి నుంచే, రెండూ భూమి వేడెక్కకుండా చూడాలన్న పారిస్ ఒప్పందంలో ఉన్న దేశాలే. స్వీడన్ 1991 నుంచే కార్బన్ పన్ను, అంటే కార్బన్ డయాక్సైడ్ వదిలే ఇంధనాల మీద పన్ను, వేస్తోంది. అదే ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను ఇంకా పెంచబోతే జనం పసుపు కోట్లు వేసుకుని రోడ్డెక్కారు, చివరికి ప్రభుత్వమే ఆ పెంపు వదులుకుంది. వాళ్లంతా భూమికి శత్రువులా? కారు లేకపోతే పనికి వెళ్లలేనివాళ్లు అందులో ఎంతోమంది. 'ఈ పన్ను భారం ఎవరి మీద పడుతుంది, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది' అని అడిగితే అది ద్రోహం కాదండీ, విధానం నిలబడాలంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న అదే.

అందుకే మీకో విన్నపం. అవతలివాళ్ల వాదనను వాళ్లే ఒప్పుకునేంత సరిగ్గా చెప్పి, ఆ తర్వాత జవాబు రాసిన ఉత్తరాలకు మీ పేజీలో ముందు చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు