డీజిల్‌కు నీళ్ల పైపు వద్దు

సంపాదకులకు,

కరెంటు కోతలు మొదలవగానే ఇళ్లలో జనరేటర్లు బయటికొస్తాయి. డబ్బాలోంచి ట్యాంకులోకి డీజిల్ దించడానికి చేతికందేది మొక్కలకు నీళ్లు పెట్టే పీవీసీ పైపు. దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని డీజిల్ లాగేస్తుంది. కొన్నాళ్లకు పైపు పసుపెక్కి బిగుసుకుపోతుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. మామూలు రబ్బరైతే ఉబ్బి జిగటవుతుంది, ఆ నలుసులు పోయి ఫిల్టర్‌లో చేరతాయి.

అడగాల్సింది ఇంధనానికి వాడే నైట్రైల్ రబ్బరు గొట్టం. లోపలి వెడల్పు అరంగుళం, పొడవు మీటరున్నర చాలు. బిగింపుకు క్లిప్పే వాడాలి, బైండింగ్ వైరు రబ్బరును కోసేస్తుంది.

నోటితో పీల్చే అలవాటు మాత్రం మానాలి. కాస్త డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా రావచ్చు. మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేత్తో నొక్కే బంతి పంపు చవకే. దాని మీది బాణం ట్యాంకు వైపు ఉండాలి. డబ్బా ట్యాంకు కన్నా ఎత్తున ఉంటే రెండు మూడు నొక్కులకే ధార అందుకుంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాకే పోయాలి. పెట్రోలుకు ఈ పద్ధతి వద్దు, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

- ఒక డీజిల్ మెకానిక్, విజయవాడ