వ్యాంపైర్ నవలల అర తీసేయడం లేదు, శనివారం నవ్వులూ ఆపడం లేదు

మా అద్దె పుస్తకాల షాపు చందాదారులకు, పాత పుస్తకాల కోసం వచ్చే మిత్రులకు నమస్కారం.

కడపలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మా షాపులో శనివారం సాయంత్రాలు కొందరు పాఠకులు చేరి, ఇంగ్లీషు వ్యాంపైర్ (మనుషుల నెత్తురు తాగి బతికే దయ్యం) ప్రేమ నవలల్లోంచి తలా ఒక పేజీ బిగ్గరగా చదివి కడుపుబ్బ నవ్వుకుంటున్న సంగతి మీలో చాలామందికి తెలిసినదే. ఈ విషయమై ఈ మధ్య నా దగ్గరికి రెండు రకాల విన్నపాలు వచ్చాయి. ఇలాంటి సరుకును మంచి సాహిత్యం పక్కన నిలబెట్టి షాపు పరువు తీయవద్దని, ఆ అరను ఖాళీ చేసి పడేయమని కొందరు పెద్దలు చెప్పారు. ఆ నవలలను ఇష్టంగా చదివేవారు మాత్రం అర ఉండనివ్వమని, ఆ నవ్వులనే ఆపించమని కోరారు. ఒక్కొక్కరికి విడివిడిగా నచ్చజెప్పడం కంటే అందరికీ ఒకేసారి రాయడం మేలనిపించింది. అర ఉంటుంది, నవ్వులూ ఉంటాయి, కొన్ని పద్ధతులు మాత్రం మారతాయి.

ముందుగా లెక్క సంగతి దాచకుండా చెబుతాను. మా షాపు అద్దె కడుతున్నవి నవలలు కావు. డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల పుస్తకాలు. నవలల మీద వచ్చే డబ్బుతో కరెంటు బిల్లు గడిస్తే ఆ నెల బాగున్నట్టే. అయితే ఆ నవలల్లో అన్నిటికంటే ఎక్కువ చేతులు మారేవి ఈ వ్యాంపైర్ పుస్తకాలే. అది వాటి గొప్పతనమని నేను అనను. 2005లో ‘ట్వైలైట్’ వెలువడి, 2008లో సినిమాగా వచ్చిన తరువాత అదే జాతి నవలలు ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా అచ్చయ్యాయి. మోజు తగ్గాక అవన్నీ పాత పుస్తకాల సంతలకు చేరాయి. హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం సంతలో గానీ, బెంగళూరు అవెన్యూ రోడ్డులో గానీ ఇంగ్లీషు నవలల మూట ఏది విప్పినా, నల్లటి అట్ట మీద ఎర్రగా ఒక పువ్వో, పండో, పెదవో కనబడుతుంది. కిలోల లెక్కన మూట కొనేవాడికి ఇది కావాలి, అది వద్దని ఏరుకునే వెసులుబాటు ఉండదు. వచ్చినవాటిని వచ్చినట్టే అరలో సర్దాము. పరీక్ష గైడు కోసం వచ్చిన పిల్లలు వాటి దగ్గర ఆగడం మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకం తప్ప మరేదీ ముట్టని పిల్లవాడు నాలుగు వందల పేజీల ఇంగ్లీషు నవల పూర్తి చేసి, అందులోని నాయకుణ్ణి తిట్టడానికి మళ్ళీ షాపు మెట్లెక్కితే, దానిని నష్టమని నేను ఏ ఖాతాలో రాసుకోవాలి?

తిట్లు కూడా సామాన్యమైనవి కావు. ‘ట్వైలైట్’ నాయకుడు 1901లో షికాగోలో పుట్టి, 1918లో ఇన్‌ఫ్లూయెంజాతో చావబోతూ వ్యాంపైరై, అప్పటినుంచి పదిహేడేళ్ళ రూపంలోనే ఉండిపోయి, వందేళ్ళు దాటాక కూడా హైస్కూలు బెంచీ మీద కూర్చుంటాడు. ఇన్నేళ్ళు అదే పాఠం విన్నవాడికి ఎంసెట్‌లో మొదటి ర్యాంకు రాకపోతే ఆ కాలేజీని మూసేయాలని మా పాఠకుడొకరు తీర్పు చెప్పారు. వెల్లుల్లి వాసనకు పారిపోయే వ్యాంపైర్లు వేరే నవలల్లో ఉన్నారు గదా, వారు ఎర్రకారం దోశ కాలే వీధిలోకి అడుగే పెట్టలేరు కాబట్టి కడప జిల్లాకు ఆ బెడద లేదని మరొకరు భరోసా ఇచ్చారు. ‘ట్వైలైట్’లో వ్యాంపైర్ల చర్మం ఎండ పడితే వజ్రాల్లాగా తళతళలాడుతుంది. ఆ పేజీ చదివినప్పుడు వెనక నుంచి, “మెరిసేది తర్వాత సామీ, మే నెలలో మన కోటిరెడ్డి సర్కిల్ కాడ మధ్యాహ్నం రొంతసేపు నిలబడమను, సూస్తాం” అని వినిపించిన మాటకు ఆ సాయంత్రం చదువు అక్కడితో ముగిసింది.

నవ్వకుండా ఒక పేజీ పూర్తిగా చదివినవారికి వారం అద్దె మాఫీ అని నేను పెట్టిన పందెం మీకు తెలుసు. దానిని గెలిచినది ఆసుపత్రి రక్తనిధిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. నాయిక మెడ కొరికే ఘట్టాన్ని ఆయన మందుల చీటీ చదివినంత నిదానంగా చదివి, పుస్తకం మూసి, అభ్యంతరాలు మొదలుపెట్టారు. మనిషి ఒంట్లో ఉండే రక్తం దాదాపు 5 లీటర్లు. రక్తదాన శిబిరంలో ఒకసారికి తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ఒకసారి ఇచ్చిన తరువాత మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే సూదే గుచ్చరు. ఈ నాయిక మాత్రం వారంలో మూడు రాత్రులు ఇచ్చి, నాలుగో రోజు కోట మెట్లు పరుగున ఎక్కుతుంది. “ప్రేమ సంగతి నాకు తెలీదు నాయనా, ఈ పాపకు ఐరన్ మాత్రలు రాయాల” అన్నారు ఆయన. చదివేటప్పుడు ఆయన నవ్వలేదు కాబట్టి మాఫీ ఇచ్చాను.

ఇలా నవ్వేవారందరికీ నా వైపు నుంచి ఒక సవరణ ఉంది. అసలైన వ్యాంపైర్ ఎండ తగిలితే కాలి బూడిద కావాలని, మెరిసిపోయే వ్యాంపైర్ కల్తీ సరుకని శనివారం చాలామంది వాదిస్తున్నారు. ఆ వాదన నిలబడదు. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాకులా’ నవలలో వ్యాంపైర్ అయిన కౌంట్ డ్రాకులా పట్టపగలే లండన్ వీధిలో కనబడతాడు, పగటిపూట అతని శక్తులు తగ్గుతాయి గానీ ప్రాణం పోదు. ఎండ సోకి వ్యాంపైర్ నశించడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాతు’తో స్థిరపడిన పద్ధతి. అది ‘డ్రాకులా’ కథను అనుమతి లేకుండా వాడుకున్న చిత్రమని స్టోకర్ భార్య కోర్టుకు వెళ్ళి, ప్రతులను నాశనం చేయాలన్న ఉత్తర్వు కూడా సంపాదించింది. అనుమతి లేకుండా తీసిన సినిమాలోని సూత్రాన్ని శాస్త్రమనుకొని, తరువాతి రచయితలను కల్తీ అనడం న్యాయం కాదు.

అందగాడు, ధనవంతుడు, పాలిపోయిన ముఖం, ఎవరితోనూ కలవని స్వభావం అనే ఆ మూస కూడా నేటిది కాదు. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున వానలకు ఇల్లు కదలలేక, దయ్యాల కథలు రాద్దామని పందెం వేసుకున్న ఇంగ్లీషు కవుల బృందంలో బైరన్ ప్రభువు వైద్యుడు జాన్ పాలిడోరి ఒకడు. 1819లో అచ్చయిన అతని కథతోనే, అంతవరకు పల్లెటూళ్ళ పుకార్లలో ఉబ్బిపోయిన శవంగా తిరిగిన వ్యాంపైర్ మొదటిసారి కోటు తొడుక్కుని విందులకు వెళ్ళే ప్రభువు అయ్యాడు. 1845 నుంచి 1847 వరకు లండన్‌లో వారం వారం ఒక్క పెన్నీకి అమ్మిన ‘వార్నీ ద వ్యాంపైర్’ అనే సీరియల్ సాగదీతలో నేటి నవలలను తలదన్నుతుంది. కాబట్టి ఈ కాలంలో రాతలు పాడైపోయాయని బాధపడే పెద్దలు ఆ బాధను రెండు వందల ఏళ్ళు వెనక్కి జరుపుకోవాలని మనవి.

మన వారపత్రికల సీరియళ్ళు మాత్రం ఏమి తక్కువ తిన్నాయి? ఆరడుగుల అందగాడు, పడవ లాంటి కారు, ఎందుకో తెలియని కోపం, మేడ మీద ఒంటరి గది, పేదింటి అమ్మాయిని చూడగానే కరిగిపోయే రాతి గుండె. ఇతనికి రెండు కోరపళ్ళు పెడితే ఆ అరలోకి నేరుగా వెళ్ళిపోతాడు. మా నాన్నగారు షాపు నడిపిన రోజుల్లో అలాంటి సీరియళ్ళ పేజీలు కత్తిరించి, దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి అద్దెకిచ్చేవారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నాయకుడు కారు దిగి, సిగరెట్టు వెలిగించి, కిటికీలోంచి చీకట్లోకి చూసే ప్రతి చోటా ఎవరో ఇల్లాలు సన్నని పెన్సిల్‌తో గుండ్రని అక్షరాల్లో “వీడికి పనీ పాటా లేదా?” అని అంచున రాసి పెట్టింది. నాలుగోసారి మాత్రం మాటలు రాయలేదు, ప్రశ్నార్థకం ఒక్కటే వేసి ఊరుకుంది. పుస్తకం చివరి దాకా చదివిందనడానికి ఆ పెన్సిలే సాక్ష్యం.

ఒక విషయంలో మాత్రం నవ్వేవారికంటే నేను రెండాకులు ఎక్కువే చదివాననుకుంటాను. డ్రాకులా కోట ఉన్నదని తాను రాసిన ట్రాన్సిల్వేనియాను (నేటి రుమేనియాలోని ఒక ప్రాంతం) బ్రామ్ స్టోకర్ ఎన్నడూ చూడలేదు. విట్బీ అనే సముద్రతీర పట్టణంలో 1890లో గ్రంథాలయం నుంచి తీసుకున్న ఒక చరిత్ర పుస్తకంలో డ్రాకులా అనే పేరు అతనికి దొరికింది; మిగతా దేశమంతా ఇతరుల వ్యాసాల నుంచి కూర్చుకున్నది. ఆ పుస్తకం దెబ్బకు ఒక ప్రాంతం పేరు చెబితే లోకానికి నెత్తురు తప్ప మరేమీ గుర్తుకు రాకుండా పోయింది. ఇంటి ముందు సుమోలు, చేతుల్లో కొడవళ్ళు తప్ప సీమలో ఇంకేమీ ఉండదన్నట్టు తీసిన సినిమాలు చూస్తూ పెరిగిన మనకు ఆ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. ట్రాన్సిల్వేనియా వాళ్ళ మీద జోకులేసేటప్పుడు కాస్త చూసి వేయండి.

ఇక నిజంగా నవ్వదగిన చోట్లు, నవ్వి తీరవలసిన చోట్లు ఉన్నాయి. నాయిక నిద్రపోతుండగా ఆమెకు తెలియకుండా కిటికీలోంచి గదిలోకి వచ్చి రాత్రంతా చూస్తూ కూర్చోవడాన్ని ప్రేమగా రాసిన ఘట్టాన్ని మా డిగ్రీ కాలేజీ అమ్మాయిలు చదివి, ఇదే పని మా సందులో ఎవడైనా చేస్తే వాడు వ్యాంపైరో కాదో స్టేషన్‌లో తేలుతుందన్నారు. ఆ ఒక్క మాట కోసమైనా శనివారాలు కొనసాగాలని నా ఉద్దేశం. పెద్దలు ఉపన్యాసం చెప్పినా పిల్లలకు అంత సూటిగా ఎక్కదు.

పద్ధతులు మార్చడానికి కారణం వేరు. ఆ అరలో పుస్తకాలన్నీ వరుసగా చదువుతున్న ఒక అమ్మాయి కొద్ది వారాలుగా షాపుకు రావడం మానేసి తమ్ముణ్ణి పంపుతోంది. ఆ పిల్లవాడు నల్ల కవరులోంచి పుస్తకం తీసి బల్ల మీద బోర్లా పెట్టి, “అక్క తర్వాతి భాగం ఇమ్మనిందన్నా, ఎవరికని అడిగితే చెప్పొద్దనింది” అంటాడు. రిజిస్టరులో పేరు ఉన్న సంగతి అతనికి నేను చెప్పలేదు. పుస్తకాన్ని చూసి నవ్వడం ఒకటి, దానిని చేతిలో పట్టుకున్న మనిషిని చూసి నవ్వడం వేరొకటి. రెండోది మా షాపులో జరగడానికి వీల్లేదు. అడ్వాన్సు కట్టి పుస్తకం తీసుకునే ప్రతి మనిషీ నాకు సమానమే. పైగా ఎగతాళి చేసేవారికి కావలసిన పేజీ ఏ పుస్తకంలో ఎక్కడుందో చెప్పగలిగినది ఆ అమ్మాయి లాంటివారే.

కాబట్టి వచ్చే వారం నుంచి శనివారం చదువు పరీక్షల పుస్తకాల రద్దీ తగ్గిన తరువాత, సాయంత్రం ఏడు గంటలకు షాపు వెనక గదిలో జరుగుతుంది. ఏ పుస్తకంలోంచి చదివినా, చదివేవారు దానిని మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసి ఉండాలి. అట్ట చూసి నవ్వడానికి వచ్చేవారికి బయట బెంచీ ఉంది. ఒక వారం నవ్వేవారు పేజీ ఎంచుకుంటే, మరుసటి వారం ఆ నవలలు నచ్చినవారు తమకు నచ్చిన పేజీ ఎంచుకొని చదువుతారు, అది ఎందుకు నచ్చిందో చెబుతారు, మిగతావారు మధ్యలో మాట్లాడకుండా వింటారు. ఫోనులో ఎవరినీ చిత్రీకరించకూడదు. ఖాకీ అట్ట వేసి ఇమ్మని అడిగినవారికి ఉచితంగానే వేసి ఇస్తాము. నాకు అది మనసొప్పే ఏర్పాటు కాదు, అయినా మొహమాటపడి చదువు మానేయడం కంటే నయం.

పెన్సిల్ వ్యాఖ్యల గురించి కూడా తేల్చవలసి ఉంది. ఒక నవలలో, పగలు శవపేటికలో పడుకొని రాత్రి తిరిగే మూడు వందల ఏళ్ళ కథానాయకుడి వర్ణన పక్కన ఒకరు “ఆధార్‌లో పుట్టిన తేదీ ఏమని వేయించుకున్నాడో” అని రాశారు. దాని కింద వేరే చేతిరాతలో “ముసలివాళ్ళ పింఛనుకు అర్హుడే గదా” అని ఉంది. మూడో చేతిరాత “పింఛను ఒకటో తేదీ పొద్దున్నే ఇంటికి తెచ్చిస్తారు, వీడు ఆ టైముకు పెట్టెలోంచి లేవడు” అని ముగించింది. వీటిని చెరిపించే ఉద్దేశం నాకు లేదు. అయితే ఈ మధ్య కొందరు బాల్‌పెన్నుతో కథ ముగింపును మొదటి పేజీలోనే రాసేస్తున్నారు. ఇకమీదట ఆ అరలో ప్రతి పుస్తకం చివర తెల్ల కాగితాలు అంటించి ఉంటాయి. ఏమి రాసినా అక్కడ, పెన్సిల్‌తోనే రాయాలి. సిరా పడిన పుస్తకాన్ని రాసినవారే కొనుక్కోవాలి.

అద్దె మారలేదు. పుస్తకం ధరలో పదో వంతు, వారానికి. డాలర్ల ధర అచ్చయిన పుస్తకాలకు వెనక అట్ట లోపల మేము వేసిన రూపాయల ధరే లెక్క.

చివరిగా, ‘ట్వైలైట్’ వరుసలో మూడో భాగం తీసుకువెళ్ళినవారు దయచేసి ఈ వారంలోగా తెచ్చివ్వాలి. నాలుగో భాగం ప్రతులు షాపులోనే ఖాళీగా ఉన్నాయి గానీ, మూడోది చదవకుండా వాటిని ముట్టడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఆ మూడో భాగం కోసం అందరికంటే ముందు పేరు రాయించుకున్నది ఎంసెట్ ర్యాంకు జోకు వేసిన పాఠకుడు.