ఆ నారింజ జెర్సీ

చిట్టితల్లీ,

మూడు ఆదివారాలైంది నువ్వు ఫోన్ చేసి. పని ఎక్కువుందేమోలే, నేనేమీ అనుకోవట్లేదు. వాణి అత్త చూపించిన ఫోటో సంగతి కూడా అడగను. అలెంటౌన్ పీపీఎల్ సెంటర్ హాల్లో, ఆ ఊరి ఐస్ హాకీ జట్టు ఫాంటమ్స్ నారింజ జెర్సీ వేసుకున్నావు. మన ఊరి జట్టు హర్షీ బేర్స్ చాక్లెట్ రంగులో పెరిగిన పిల్లవి! సరే, ఊరు మారింది, జట్టూ మారిందనుకుంటాం. కానీ ఆ చేతులు వేళ్ల దాకా జారాయి. అది నీ సైజు కాదు.

నే చెప్పొచ్చేది హాకీ గురించి. టికెట్లు కొనేటప్పుడు సొంత జట్టు మొదటి, మూడో పీరియడ్లలో ఏ వైపు గోలు కొడుతుందో ఆ చివర తీసుకో. అద్దం పక్క వరసలకి ఎగబడొద్దు, అవతలి కొస కనపడదు. పది పన్నెండు వరసలు పైకెళితే ఆటంతా తెలుస్తుంది. ఐసు 200 అడుగుల పొడవు, 85 వెడల్పు, మందం మాత్రం అంగుళం చిల్లరే. చల్లదనమంతా కింద కాంక్రీటులోని పైపుల నుంచి రావాలి. మందం పెరిగితే అది పైదాకా ఎక్కదు, ఐసు మెత్తబడి పక్, అదే ఆడే బిళ్ల, ఎగిరెగిరి పడుతుంది. హాలు వేడెక్కినా అంతే. అందుకే లోపల చలి. ఉన్ని సాక్సులు వేసుకో, నీతో వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకీ చెప్పు.

ఆ ఫాంటమ్స్ పుట్టిల్లు అలెంటౌన్ కాదు, తెలుసా? 1996లో ఫిలడెల్ఫియాలో మొదలు. 2009లో అక్కడి వాళ్ల హాలు స్పెక్ట్రం మూసేశారు, జట్టు చేతులు మారింది. కొన్నవాళ్ల చూపు అలెంటౌన్ మీద, అక్కడ హాలు లేదు. అది లేచేదాకా న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌లో దిగారు. ఐదు వేల సీట్లు కూడా లేని హాలు, కానీ హాకీ పిచ్చి ఊరు. 1979 నుంచి 1999 దాకా అక్కడ ఆడిన రెడ్ వింగ్స్ జట్టు, ఈ జట్లన్నీ ఆడే రెండో మెట్టు లీగ్ ఏహెచ్ఎల్‌లో నాలుగుసార్లు కాల్డర్ కప్పు గెలిచింది. పదేళ్లు ఏహెచ్ఎల్ జట్టు లేక మొహం వాచిపోయిన జనం, చుట్టపుచూపుగా వచ్చినదాన్నే సొంతమనుకున్నారు. ఐదు సీజన్లు. 2014లో పీపీఎల్ సెంటర్ తయారైంది, జట్టు వెళ్లిపోయింది. జెర్సీలు బీరువాల్లో మిగిలాయి. ఆ ఏడే ఫ్లేమ్స్ అని ఇంకోటొచ్చింది, అదీ ఒక్క సీజనే. ఆ తర్వాత కింది మెట్టు ఈసీహెచ్ఎల్ జట్టు వచ్చింది.

ఎవరూ దాచలేదు, అది నిజం. అయినా ఉండటానికొచ్చారా, ఇల్లు కట్టేదాకా ఆగారా అని ముందే అడిగితే తప్పేముంది? నేను జట్టు గురించే అంటున్నా.

ఇంకోటి, జెర్సీ వీపు మీద ఆటగాడి పేరు వేయించకు. వాళ్లు ఫిలడెల్ఫియాలోని పైమెట్టు జట్టు ఫ్లయర్స్ మనుషులు, పొద్దున ఫోనొస్తే సాయంత్రానికి ఫిలడెల్ఫియాలో ఉంటారు. మన బేర్స్ కుర్రాళ్లూ అంతే, వాషింగ్టన్ జట్టు పిలిస్తే పోతారు. కానీ బేర్స్ 1938 నుంచి ఏహెచ్ఎల్‌లోనే, హర్షీలోనే ఉంది. హాలు మారినా ఊరు మారలేదు.

పిల్లలకి పంచడానికి జనం మెత్తటి బొమ్మలు ఐసు మీదకి విసిరే మన బేర్స్ మ్యాచ్‌కి రా. 2025లో 1,02,343 బొమ్మలు పడ్డాయి. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టు, ఐసు మీద తడిస్తే పిల్లలకివ్వడానికి పనికిరావు. బ్యాటరీ ఉన్నవి వద్దు. మన మొదటి గోలు పడేదాకా చెయ్యి లేపొద్దు. 78 హైవే మీద మంచు పడుతుంటే లారీల వెనక అంటుకుని నడపకు, గంట ముందే బయలుదేరు.

టికెట్లు మూడు తీయనా, నాలుగా?

నాన్న

తా.క. నాలుగైతే పులుసులో కారం తగ్గించాలా అని అమ్మ అడుగుతోంది.