మ్యూజియంలో సినిమాలు కూడా వెయ్యండి

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాం. మ్యూజికల్ క్లాక్ దగ్గర ఎప్పట్లాగే జనం, చంకల్లో పిల్లలు, అందరి ఫోన్లూ పైకే, గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్ళిపోగానే మా చిన్నది "అయిపోయిందా, ఇంకేం లేదా" అంది. నాకు ఆ మాటే పట్టుకుంది. అన్ని గదులు తిరిగి కాళ్ళు పీకిన జనానికి కూర్చుని చూసేది ఒకటి కావాలి కదండీ.

న్యూయార్క్‌లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం 1935లోనే సినిమాలకి వేరే విభాగం పెట్టింది, పాత రీళ్ళు దాచడం, జనానికి చూపించడం అప్పట్నించీ నడుస్తూనే ఉంది. అంతెందుకు, మన హైదరాబాద్‌కే 1922లో బెంగాలీ సినిమా దర్శకుడు ధీరేన్ గంగూలీ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూగ సినిమాలు తీశారు, ఈ సంగతి ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు చెప్పండి?

నెలకో ఆదివారం సాయంత్రం పాత సినిమా ఒకటి, అది అయ్యాక కాసేపు మాట్లాడుకోవడం, ఇంకో వారం బిద్రీ పనివాళ్ళని పిలిచి ఆ నల్లటి లోహంలో వెండి తీగ ఎలా కూరుస్తారో కళ్ళముందే చేయించడం, ఇంకోసారి తోలుబొమ్మలాట, ఇవి పెద్ద ఖర్చుతో అయ్యే పనులు కావు. అద్దాల వెనకున్న బిద్రీ హుక్కాని పిల్లలు రెండు సెకన్లు చూసి ముందుకెళ్ళిపోతారు, అదే చేసేవాళ్ళ చేతులు చూస్తే అక్కడే నిలబడిపోతారు. అధికారులు దీని గురించి కాస్త ఆలోచించాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్