చంద్రుడి మీద పనిచేసే మనిషికి చట్టం ఎవరు రాస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. భారతీయ అంతరిక్ష కేంద్రం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 2028లో మొదటి మాడ్యూలు, 2035 నాటికి పూర్తి కేంద్రం, 2040కి చంద్రుడి మీద మనవాళ్ల అడుగు అంటూ ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యాలను చక్కగా వివరించారు. పీల్చిన గాలిని, వాడిన నీళ్లను మళ్లీ ఎలా శుద్ధి చేస్తారో కూడా రాశారు. అక్కడ ఉండే మనిషికి అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఎక్కడా కనపడలేదు. ఏ చట్టం కింద, ఏ కోర్టులో?

నేను జగిత్యాలలో న్యాయవాదిని. గల్ఫ్‌కు వెళ్లి ఇబ్బందుల్లో పడ్డవాళ్ల కేసులు ఎక్కువగా చూస్తుంటాను. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అసలు చట్టమే లేదని నేను అనడం లేదు. 1967 నాటి బాహ్య అంతరిక్ష ఒప్పందం ఉంది. 110కి పైగా దేశాలు అందులో ఉన్నాయి, మనమూ ఉన్నాం. చంద్రుణ్ని గానీ మరో గ్రహాన్ని గానీ ఏ దేశమూ తన సొంతమని ప్రకటించుకోకూడదని అందులోని రెండో అధికరణం చెబుతుంది. ప్రైవేటు కంపెనీ చేసే పనికి కూడా దాని ప్రభుత్వమే బాధ్యత వహించాలని, అనుమతి ఇచ్చి ఊరుకోకుండా ఎప్పటికప్పుడు పర్యవేక్షించాలని ఆరోది అంటుంది. వ్యోమనౌక ఏ దేశం రిజిస్టరులో ఉంటే అందులోని మనుషుల మీద ఆ దేశానికే అధికారమని ఎనిమిదోది. ఆ రోజుల్లో ఇంత దూరం ఆలోచించి రాసినవాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ అప్పట్లో పైకి వెళ్లినవాళ్లు దాదాపు అందరూ సైన్యంలో ఆరితేరిన పైలట్లు. కొద్ది రోజుల్లో తిరిగి వచ్చేవాళ్లు. అక్కడే ఉండి, జీతానికి పనిచేస్తూ, యజమానితో పేచీ వచ్చే మనిషి గురించి ఆ ఒప్పందంలో ఒక్క మాట లేదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం 1998లో 15 దేశాలు మరో ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ నేరం జరిగితే నిందితుడు ఏ దేశ పౌరుడైతే విచారించే అధికారం మొదట ఆ దేశానిది. 2019లో ఒక అమెరికన్ వ్యోమగామి పైనుంచే తన భాగస్వామి బ్యాంకు ఖాతా చూశారని ఫిర్యాదు వచ్చింది. విచారణ జరిగాక, అబద్ధం చెప్పారంటూ ఆ ఫిర్యాదు చేసినవారి మీదే కేసు పెట్టారు. నిందితురాలు, ఫిర్యాదుదారు, బ్యాంకు, అన్నీ ఒకే దేశానివి కాబట్టి ఏ కోర్టుకు వెళ్లాలన్న తగువు రాలేదు. అక్కడ ఉండేది పట్టుమని పది మంది. ఏళ్ల తరబడి వడపోసి ప్రభుత్వాలు పంపినవాళ్లే ఎక్కువ. రేపు చంద్రుడి మీద వందమంది ఉండే శిబిరం కట్టి, నలుగురైదుగురు కాంట్రాక్టర్ల కింద ఏడెనిమిది దేశాల వాళ్లను పనికి పెడితే ఈ ఏర్పాటు సరిపోదు.

ఎందుకు సరిపోదో నా కేసుల్లోంచే చెబుతాను. కంపెనీ వీసా మీద వెళ్లినవాడికి గది కంపెనీదే, మెస్సు కంపెనీదే, పనికి తీసుకెళ్లే బస్సూ కంపెనీదే. ఇఖామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ వాళ్ల చేతిలో, పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోకూడదని అక్కడి చట్టాలు కూడా చెబుతాయి. అయినా ఉంచుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక తాపీమేస్త్రీ జీతం బకాయి గట్టిగా అడిగాడు. ఆ సాయంత్రమే క్యాంపులో అతని గదికి కరెంటు తీసేశారు. 50 డిగ్రీలకు దగ్గరపడే ఎండల్లో, రేకుల గదిలో ఏసీ లేకుండా మనిషి కన్ను మూయలేడు. మూడో రోజు అతనే వెళ్లి తనకు రావాల్సిందేమీ లేదని సంతకం పెట్టి వచ్చాడు. అతన్ని ఎవరూ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు.

అతనికి తెగించే దారి ఒకటి మిగిలే ఉంది. గేటు దాటి రోడ్డు మీదికి వస్తే ఖల్లివల్లి అవుతాడు, దొంగచాటుగా బతకాల్సి వస్తుంది. అయినా ఎక్కడో ఒకచోట మనవాళ్లు అన్నం పెడతారు, ఎంబసీ ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, వస్తుంది. చంద్రుడి మీద గేటు దాటితే ఊపిరి ఉండదు. అక్కడ ఆక్సిజన్ ప్లాంటు, గది, తిండి, ఫోను, తిరిగి వచ్చే నౌకలో సీటు ఒకే సంస్థ చేతిలో ఉంటే ఉద్యోగి ఎదురు మాట్లాడటం జరిగే పనేనా? కంపెనీ వాళ్లు దుర్మార్గులే కానక్కర్లేదు. బడ్జెట్ తగ్గిందని తిరుగు ప్రయాణం ఆరు నెలలు వెనక్కి జరిపితే చాలు. సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ 2024 జూన్‌లో వారం పైచిలుకు యాత్రకని వెళ్లి 2025 మార్చిలో, 286 రోజులకు, తిరిగి వచ్చారు. వాళ్ల వెనక నాసా ఉంది, ప్రపంచమంతా చూస్తోంది. ఊరూ పేరూ తెలియని ఒక వెల్డర్ అలా ఇరుక్కుంటే ఎవరు చూస్తారు?

ఇక మన చట్టాల సంగతి. భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్ ప్రకారం భారత పౌరుడు దేశం బయట ఎక్కడ నేరం చేసినా ఇక్కడ విచారించవచ్చు. అంతరిక్షానికీ అది వర్తిస్తుందని వాదించవచ్చు. నేరం చేసింది విదేశీయుడైతే? మన దేశంలోని కంప్యూటర్ల మీద గురిపెట్టిన నేరాలు పక్కన పెడితే, మన దగ్గర రిజిస్టరైన 'ఓడ లేదా విమానం'లో జరిగిన నేరమని మాత్రమే అందులో ఉంది. అంతరిక్ష కేంద్రం ఓడా కాదు, విమానమూ కాదు. మన కేంద్రంలోనే ఒక విదేశీ అతిథి మన అమ్మాయితో తప్పుగా ప్రవర్తిస్తే, 1967 ఒప్పందం ఎనిమిదో అధికరణం మనకు అధికారం ఇచ్చినా దాన్ని వాడటానికి మన శిక్షాస్మృతిలో స్పష్టమైన మాట లేదు. అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేసే చట్టం చేయడానికి రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకు అధికారం ఇచ్చింది. చేయాల్సింది పార్లమెంటే. 1955 పౌరసత్వ చట్టంలోనూ ఇదే లోటు. ఓడలోనో విమానంలోనో పుట్టిన బిడ్డ ఎక్కడ పుట్టినట్టు లెక్కో రాశారు, వ్యోమనౌక ఊసు లేదు. బిడ్డలు పుట్టే రోజు ఇంకా దూరమే అనుకుందాం. నేరం, ప్రమాదం, జీతం ఎగవేత అంత దూరంలో లేవు.

కెనడా 2022లోనే తన శిక్షాస్మృతిని సవరించి, చంద్రుడి మీదా ఆ దారిలోనూ తన వ్యోమగాములు చేసే నేరాలను అందులోకి తెచ్చింది. మనకు అంటార్కిటికా అనుభవం ఉంది. మన మొదటి బృందం 1981లో బయల్దేరింది. తర్వాత మైత్రి, భారతి కేంద్రాలు కట్టుకున్నాం. అక్కడి మనవాళ్లకు వర్తించే భారత అంటార్కిటికా చట్టం వచ్చింది 2022లో. నాలుగు దశాబ్దాలు పట్టింది. మంచు మీద నడిచిపోయింది కదా అని అంతరిక్షంలోనూ అంతే జాప్యం చేస్తామా?

అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను కేంద్రం 2017లో ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. అది ఇంతవరకు చట్టం కాలేదు. 2023లో అంతరిక్ష విధానం తెచ్చారు. విధానం చట్టం కాదు, దాన్ని పట్టుకుని కార్మికుడు కోర్టుకు వెళ్లలేడు. చంద్రుడి మీద దేశాలు ఎలా నడుచుకోవాలో చెబుతూ అమెరికా తయారుచేసిన ఆర్టెమిస్ ఒడంబడికల మీదా అదే ఏడాది సంతకం పెట్టాం. అందులో వనరుల తవ్వకం ఉంది, ఒకరి పనికి మరొకరు అడ్డు రాకుండా సేఫ్టీ జోన్లు ఉన్నాయి. పనివాడి హక్కు లేదు. వియన్నాలో ఐక్యరాజ్యసమితి కమిటీ పెట్టిన వర్కింగ్ గ్రూపు కూడా వనరుల గురించే చర్చిస్తోంది. మట్టికి, మంచుకు నియమాలు రాస్తున్నారు, సంతోషమే. మనిషికి ఎప్పుడు రాస్తారు?

ప్రభుత్వాలు రాయకపోతే కంపెనీలు రాసుకుంటాయి. రాకెట్ల కంపెనీ స్పేస్‌ఎక్స్ నడిపే స్టార్‌లింక్ ఇంటర్నెట్ షరతుల్లో 2020లోనే, అంగారకుడు స్వేచ్ఛా గ్రహమని, అక్కడి వ్యవహారాల మీద భూమ్మీది ఏ ప్రభుత్వానికీ అధికారం లేదని, తగాదాలు స్వయంపాలన సూత్రాలతో తీర్చుకుంటామని రాశారు. 1967 ఒప్పందం ఆరో అధికరణం ముందు ఆ షరతు నిలవదని నా అభిప్రాయం. కానీ కనెక్షన్ తీసుకునేవాళ్లు దాన్ని చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' నొక్కేస్తారు. గల్ఫ్ అగ్రిమెంట్లూ నా దగ్గరికి అలాగే వస్తాయి, అరబ్బీలో ఏముందో తెలియకుండా పెట్టిన సంతకాలతో.

కాబట్టి రాబోయే చట్టంలో ఉపగ్రహాలకు లైసెన్సులు, నష్టపరిహారాలతో పాటు మనుషులకు ఒక అధ్యాయం ఉండాలి. ఏ వివాదం వచ్చినా గాలి, నీరు, వేడిమి, వైద్యం ఆపకూడదు, తగ్గించకూడదు, వాటికి జీతంలో కోత పెట్టకూడదు. తిరుగు ప్రయాణం ఖర్చును మనిషిని పంపే ముందే ప్రభుత్వం దగ్గర జమ చేయాలి. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే రిక్రూటింగ్ ఏజెంట్ల దగ్గర 1983 వలస చట్టం కింద బ్యాంకు గ్యారంటీ తీసుకుంటున్నాం, ఆ పద్ధతి మనకు కొత్త కాదు. కంపెనీ వినలేని ఫోను లైను ఒకటి ప్రతి ఉద్యోగికీ ఉండాలి. భద్రత కోసం ఆదేశాలిచ్చే కమాండరు, జీతాలిచ్చే మేనేజరు ఒకరే కాకూడదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ చివరిదే. అక్కడ ఆదేశం పాటించకపోతే ప్రాణాలు పోతాయి, అందుకే కమాండరుకు అంత అధికారం ఇస్తాం. ఆ అధికారం జీతం తగాదాలో వాడుకోవడానికి కాదు.

ఇప్పుడే ఇన్ని నిబంధనలు పెడితే హైదరాబాద్‌లో పుట్టిన స్కైరూట్, ధ్రువ లాంటి సంస్థలు ఇబ్బంది పడతాయని కొందరు అంటారు. ఆ సంస్థలు ఎదగాలని నేనూ కోరుకుంటాను. స్కైరూట్ వాళ్ల రాకెట్ విక్రమ్-ఎస్ 2022 నవంబరులో ఎగిరినప్పుడు మా కోర్టు ఆవరణలో అందరం ఫోన్ల చుట్టూ చేరి చూశాం. వాళ్లు చేస్తున్నది రాకెట్లు, ఉపగ్రహాలు. మనుషుల్ని పంపనివాళ్లకు ఈ అధ్యాయంతో పని పడదు.

శ్రీహరికోట తిరుపతి లోక్‌సభ స్థానంలో ఉంది. గల్ఫ్ బాధలు తెలిసిన మా జగిత్యాల నిజామాబాద్ స్థానంలో ఉంది. 2017 ముసాయిదా ఏమైంది, మన అంతరిక్ష కేంద్రంలో విదేశీయుడు నేరం చేస్తే ఏ కోర్టు విచారిస్తుంది, అక్కడ పనిచేసే ప్రైవేటు ఉద్యోగి తిరుగు ప్రయాణానికి పూచీ ఎవరు అని ఈ రెండు స్థానాల ఎంపీలు వచ్చే సమావేశాల్లో ప్రభుత్వాన్ని అడగాలి. జవాబు ఏదైనా మీ పత్రికలో పూర్తి పాఠం వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది,
జగిత్యాల