గాలం మింగిన తాబేలును కాపాడటం యువతకు నేర్పండి

ఎడిటర్ గారికి,

నాగార్జునసాగర్, డిండి, జూరాల చుట్టుపక్కల యువతను జలచరాల సంరక్షణకు, బడుల్లో పర్యావరణ అవగాహనకు తయారు చేయాలంటే ఉపన్యాసాలు చాలవు, చేతిపని రావాలి. మన చెరువుల్లో తాబేళ్లకు మంచి చేయబోయి చెడు చేసేవారూ ఉన్నారు.

మొదటి పాఠం కాళ్లు చూడటం. వేళ్ల మధ్య పొర ఉంటే నీటి తాబేలు. పాదాలు మొద్దుగా, గుండ్రంగా ఉంటే నేల తాబేలు. ఇళ్లలో పెంచిన నక్షత్ర తాబేలును పుణ్యమని చెరువులో వదులుతారు. దానికి ఈత రాదు, మునిగి చస్తుంది. అక్వేరియం షాపులో కొన్న, చెవి దగ్గర ఎర్ర చార ఉన్న విదేశీ తాబేలునూ చెరువులో వేయొద్దు. అది మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ వస్తుంది.

గాలం మింగిన తాబేలు దొరికితే దారం పట్టి అస్సలు లాగొద్దు. ముల్లు గొంతును చీలుస్తుంది. దారం లోపలికి దిగి ఉంటే, నాడా లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగు ముడుచుకుని తెగుతుంది. మూరెడు దారం బయట ఉంచి కత్తిరించి, కొసను మళ్లీ మింగకుండా డిప్పకు టేపుతో అంటించాలి. టబ్బులో తడి గోనెసంచి పరిచి, మూతకు రంధ్రాలు పెట్టి నీడలో ఉంచాలి. నీళ్లు మాత్రం నింపొద్దు. తాబేలు పీల్చేది గాలే, నీరసించినది తల ఎత్తలేక మునిగిపోతుంది. మన మే నెల ఎండల్లో మూసిన కారులో కాసేపు వదిలినా బతకదు. డిప్ప పగిలితే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పాలి. గమ్ పెట్టి అతికిస్తే మురికి లోపలే ఉండి చీము పడుతుంది. మెత్తడిప్ప తాబేలు మెడ వెనక్కి చాలా దూరం సాగుతుంది, కరుస్తుంది. డిప్ప వెనక అంచునే పట్టుకోవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇంతవరకే ప్రథమ చికిత్స. ఆపై పశువైద్యుడికి చూపించాలి, అటవీ శాఖకు అప్పగించాలి. ఈ మెత్తడిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, బాగుచేద్దామని కూడా ఇంట్లో ఉంచుకోకూడదు.

బడికి బతికున్న జంతువును తీసుకెళ్లొద్దు. మట్టి బొమ్మ, తెగిన వల ముక్క చాలు. పిల్లల చిటికెన వేలికీ బొటనవేలికీ చేతి వెనక నుంచి రబ్బరు బ్యాండు తగిలించి, రెండో చెయ్యి వాడకుండా తీయమనండి. వలలో చిక్కితే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. చిరిగిన వలను నీళ్లలో వదలకుండా ఒడ్డుకు తేవాలని అప్పుడు చెబితే మనసుకు పడుతుంది.

అటవీ, మత్స్య, పశుసంవర్ధక శాఖలు కలిసి ఈ శిక్షణ మొదలుపెట్టాలి. మొదటి బ్యాచ్‌లో డిగ్రీ విద్యార్థులతో పాటు మత్స్యకార కుటుంబాల పిల్లలకూ చోటివ్వాలి. వల ఎత్తినప్పుడు తాబేలును ముందుగా చూసేది వాళ్లే.

– జంతుశాస్త్ర అధ్యాపకులు, పశువైద్యులు, నల్గొండ