షెల్టర్ తాళం తీయించండి సార్

మునిసిపల్ కమిషనర్ గారికి, నెల్లూరు జిల్లాలోని మీ పట్టణవాసి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, నమస్కారం. నిరాశ్రయుల షెల్టర్ రాత్రిళ్లు తెరిచి ఉంచమని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చి ఇచ్చి, చివరికి ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ రసీదు చేతిలో పెడతారు, కొన్నాళ్లకు మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కారమైందో మాకైతే అర్థం కావట్లేదు, బస్టాండులో పడుకునేవాళ్లు ఇంకా అక్కడే పడుకుంటున్నారు.

ఊళ్లో నిరాశ్రయులకు షెల్టర్ లేదని కాదు. ఉంది, మంచాలు కూడా ఉన్నాయి. కానీ రాత్రి తొమ్మిది దాటితే తాళం. తొమ్మిదిలోపు ఎవరు రాగలరు సార్? హోటళ్లలో అంట్లు తోమేవాళ్లు నేల కూడా కడిగి బయటపడేసరికి పదకొండవుతుంది. పెళ్లి మండపాల్లో వడ్డనకి పోయేవాళ్లు అర్ధరాత్రి దాటాకే వస్తారు. కూరగాయల మార్కెట్లో లోడు దించే హమాలీలకైతే లారీ వచ్చేదే తెల్లవారుజామున, వాళ్లు పగలు పడుకోవాలి, పగలేమో ఉండనివ్వరు. 2010లో సుప్రీంకోర్టు చెప్పింది ఏడాది పొడవునా, 24 గంటలూ నడిచే షెల్టర్ల గురించి. లక్ష జనాభాకి ఒకటి ఉండాలంది. మీకు తెలియని విషయం కాదు.

తాళం లేని వేళకి వచ్చినా ఆధార్ అడుగుతారు. కొడుకు ఇంట్లోంచి గెంటేస్తే కట్టుబట్టలతో వచ్చిన ముసలావిడ దగ్గర ఆధార్ ఎక్కడుంటుంది? షెల్టర్లో చేరినవాళ్లకి గుర్తింపు కార్డు, రేషను, పింఛను వచ్చేలా చూడాలని ఈ షెల్టర్లు పెట్టిన పథకమే చెప్పింది కదా. లోపలికొచ్చాక ఇప్పించాల్సిన కార్డుని గుమ్మంలోనే అడిగితే ఆ మనిషి లోపలికి వచ్చేదెట్లా? ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పండి, దండం పెట్టి అడుగుతున్నాను.

మన దగ్గర పెద్ద చలేముంటుంది అని ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమే, ఆదిలాబాద్ చలి మనకు లేదు. మనకుండేది తడి చలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక అల్పపీడనం పోతే ఇంకొకటి, ముసురు పట్టిందంటే రోజుల తరబడి వదలదు. తడిసిన దుప్పటి ఆరదు, కప్పుకుంటే జ్వరం, తీసేస్తే వణుకు. 2021 నవంబరులో పెన్నా ఎలా పొంగిందో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను ఏం చేసిందో మీరూ చూశారు. అలాంటప్పుడు స్కూళ్లలో పునరావాస కేంద్రాలు పెడతారు, సంతోషం. వాన తగ్గగానే ఎవరిళ్లకి వాళ్లు వెళ్లండి అంటారు. ఇల్లే లేనివాళ్లు ఎక్కడికి వెళ్తారు?

జనం ఊరికే కూర్చోలేదు. కుర్రాళ్లు తలా కొంత వేసుకుని రగ్గులు పంచుతున్నారు, ఒకరిద్దరు హోటల్ వాళ్లు రాత్రి మిగిలిన అన్నం, సాంబారు పంపిస్తున్నారు. కానీ ఆ రగ్గులు పగలు దాచుకునే చోటు లేదు. మూట కట్టి గోడ వారన పెట్టి పనికి పోతే, చెత్త బండి వాళ్లు చెత్తతో పాటు ఎత్తుకుపోతున్నారు. మొన్న ఒక పెద్దాయనకి మూటతో పాటు బీపీ మాత్రలు, ఆస్పత్రి చీటీ కూడా పోయాయి. ఆ చీటీ కోసం ఆయన చెత్త కుప్పల్లో వెతుకుతుంటే చూడలేకపోయాం.

రాత్రంతా తలుపు తెరిచి ఉంచమనండి. ఆధార్ అడగొద్దని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాట వద్దు. ఆడవాళ్లకి వేరే గది కావాలి, మూటలు పెట్టుకోవడానికి ఒక బీరువా అయినా కావాలి. పదకొండు దాటాక ఒకసారి బస్టాండుకి మీరే రండి సార్, మేము చెప్పినదాంట్లో అబద్ధం ఉందేమో మీరే చూడండి.

ఈ వారం మళ్లీ వానలంటున్నారు. మిగతావన్నీ మెల్లిగా చేద్దురు గాని, తాళం మాత్రం ఇప్పుడే తీయించండి. రాత్రి కాపలాకి మనిషి లేడంటే చెప్పండి, మా వీధి కుర్రాళ్లు వంతులవారీగా ఉంటామంటున్నారు.